స్వదేశీ యూరియా బస్తాలో విదేశీ గ్యాసు
అశ్వారావుపేట తోటల లెక్కతో ఒక పరిశీలన

అశ్వారావుపేటలో గ్యాసు బావి లేదు, ఓడరేవు లేదు. ఇక్కడి లావాదేవీలు ప్రధానంగా పామాయిల్ గెలలు, జీడిమామిడి, ఎరువుల చుట్టూ తిరుగుతాయి. ఖతార్‌లో ఓడ ఆలస్యమైనా, జర్మనీలో గ్యాసు ధర పెరిగినా ఈ ఊరి వర్తకునికి దానితో నిమిత్తం లేదని పైకి అనిపిస్తుంది. కాని ఇక్కడి గోదాములలో దిగే ప్రతి యూరియా బస్తా అసలు రూపంలో గ్యాసే. దేశంలోని యూరియా ఫ్యాక్టరీలు వాడే గ్యాసులో అధిక భాగం సముద్రం దాటి వస్తున్నది. బస్తా మీద స్వదేశీ ముద్ర ఉన్నా, దాని లోపలి సరకు విదేశీ బేరంతో ముడిపడి ఉన్నది. ఈ ముడిని అర్థం చేసుకోనివారికి సీజను మధ్యలో సరకు ఎందుకు ఆగిందో బోధపడదు.

తోట నుంచి లెక్క

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని ఈ ప్రాంతం పామాయిల్ సాగుకు పేరు పొందినది. అశ్వారావుపేట, దమ్మపేట మండలాల తోటల గెలలు ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలకు చేరుతాయి. వంటనూనె దిగుమతులు తగ్గించడానికి ఈ పంటను ప్రభుత్వం ప్రోత్సహిస్తున్నది. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ప్రత్యేక పామాయిల్ పథకాన్ని ప్రకటించింది. అనగా దిగుమతికి ప్రత్యామ్నాయంగా పెంచుతున్న పంట ఇది.

ఇక ఆ పంట తినే ఎరువు సంగతి. తొమ్మిది మీటర్ల త్రికోణ పద్ధతిలో నాటితే ఎకరానికి సుమారు 57 చెట్లు పడతాయి. కాపుకు వచ్చిన చెట్టుకు సాలుకు 1,200 గ్రాముల నత్రజని, 600 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ ఇవ్వాలని శాస్త్రజ్ఞుల సిఫారసు. యూరియాలో నత్రజని 46 శాతం కనుక చెట్టుకు 2.6 కిలోల యూరియా కావాలి. ఎకరానికి సుమారు 149 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు మూడుంపావు పైన. పొటాష్ ఎరువు ఎకరానికి 114 కిలోల దాకా పడుతుంది. అది దాదాపు పూర్తిగా విదేశాల నుంచి వచ్చేదే.

పదెకరాల తోటకు ఏడాదికి 33 బస్తాల యూరియా. వరి, మొక్కజొన్న, పత్తి రైతుల అవసరం దీనికి అదనం. కొరత వచ్చినపుడు వీరందరూ ఒకే దుకాణం ముందు నిలబడతారు.

బస్తాకు ఒక యూనిట్ గ్యాసు

యూరియా తయారీ సూత్రం క్లిష్టమైనదేమీ కాదు. సహజవాయువును ఆవిరితో కలిపి అధిక ఉష్ణోగ్రతలో విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. దానిని గాలిలోని నత్రజనితో కలిపితే అమ్మోనియా వస్తుంది. హైడ్రోజన్ తీసేటప్పుడు వెలువడిన బొగ్గుపులుసు వాయువునే తిరిగి అమ్మోనియాతో కలిపితే యూరియా అవుతుంది. కనుక ఇక్కడ గ్యాసు పొయ్యిలో ఇంధనం మాత్రమే కాదు, సరకుకు ముడిపదార్థం కూడా. నూనె మిల్లువాడు ఊక బదులు కట్టె వాడినట్లు యూరియా ఫ్యాక్టరీ గ్యాసు బదులు మరొకటి వాడలేదు.

కొత్త ఫ్యాక్టరీలలో టన్ను యూరియాకు సుమారు 22 ఎంఎంబీటీయూల గ్యాసు ఖర్చవుతుంది. ఎంఎంబీటీయూ అనగా పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లు. ప్రపంచ గ్యాసు బేరం చాలా వరకు ఈ కొలతలోనే సాగుతుంది. టన్నుకు 22 అయితే 45 కిలోల బస్తాకు ఎంత? దాదాపు ఒకటి. పాత ఫ్యాక్టరీలలో ఒకటికి కాస్త పైన.

ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే వర్తకునికి చాలా విషయాలు తేటపడతాయి. పత్రికలలో గ్యాసు ధర ఎంఎంబీటీయూకు ఎన్ని డాలర్లని చూస్తే, బస్తా యూరియాలో గ్యాసు ఖర్చు అన్ని డాలర్లని అనుకోవచ్చు. గ్యాసు 6 డాలర్లయితే బస్తాకు 6 డాలర్లు. 12 అయితే 12. డాలరు 85 రూపాయల చొప్పున 12 డాలర్ల గ్యాసంటే 1,020 రూపాయలు. ఇది కేవలం గ్యాసు ఖర్చు. ఫ్యాక్టరీ ఖర్చు, సంచి, రైలు కిరాయి వేరే. అదే బస్తాను రైతు కొనే నియంత్రిత ధర 266 రూపాయల 50 పైసలు. నడుమ ఉన్న తేడా ఖజానా భరిస్తున్నది. 2022-23లో దేశం మొత్తం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరడానికి మూలం ఈ లెక్కలోనే ఉన్నది.

రామగుండం: బొగ్గు నుంచి గ్యాసుకు

తెలంగాణ వర్తకులకు దగ్గరి ఉదాహరణ రామగుండం. అక్కడ ఫెర్టిలైజర్ కార్పొరేషన్ పాత ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. అది బొగ్గు ఆధారంగా నడిచే ఫ్యాక్టరీ. సింగరేణి బొగ్గు పక్కనే ఉండగా విదేశీ ముడిసరకుతో పనేమున్నదనేది ఆనాటి ఆలోచన. ఆలోచన మంచిదే గాని ఆచరణలో యంత్రాలు నిలకడగా నడవలేదు. నష్టాలు పేరుకుపోయి 1999లో ఫ్యాక్టరీ మూతపడింది.

అదే స్థలంలో కొత్త ఫ్యాక్టరీ 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. 2022 నవంబరులో ప్రధాని దానిని జాతికి అంకితం చేశారు. రోజుకు 3,850 టన్నులు, సాలుకు 12.7 లక్షల టన్నుల యూరియా దీని సామర్థ్యం. ఇది నడిచేది గ్యాసు మీద. కాకినాడ వైపు మల్లవరం నుంచి వేసిన పైపులైను రామగుండం చేరింది. బొగ్గు గనుల నడుమ నిలిచి, బొగ్గును కాదని గ్యాసుతో ఎరువు తయారు చేసే ఫ్యాక్టరీ ఇది.

దీనిని తప్పు పట్టవలసిన పని లేదు. గ్యాసుతో తయారీ సులువు, ఖర్చు తక్కువ, యంత్రాలకు మన్నిక ఎక్కువ. కాని లెక్కలలో ఒక మార్పు జరిగింది. యూరియా దిగుమతి 2020-21లో 98 లక్షల టన్నులు ఉండగా 2023-24లో 70 లక్షల టన్నులకు తగ్గింది. అదే ఏడాది దేశీయ ఉత్పత్తి 314 లక్షల టన్నులకు పెరిగింది. కాగితం మీద దిగుమతి తగ్గింది నిజమే. తగ్గిన యూరియా స్థానంలో కొత్త ఫ్యాక్టరీలకు గ్యాసు ఓడలు వచ్చాయన్నదీ అంతే నిజం. పరాధీనత ఒక పద్దు నుంచి మరొక పద్దుకు మారింది.

తీరంలోని గ్యాసు ఏమైంది?

కృష్ణా గోదావరి తీరంలో గ్యాసు ఉండగా విదేశీ గ్యాసు ఎందుకని ప్రశ్న రావడం సహజం. 2002లో ఈ తీరంలో లోతు సముద్రపు గ్యాసు కనుగొన్నప్పుడు ఆంధ్ర దేశమంతటా గొప్ప ఆశలు రేగాయి. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. పంపకంలో ఎరువుల ఫ్యాక్టరీలకే ప్రభుత్వం మొదటి స్థానమిచ్చింది. ఆ తరువాత బావులు తగ్గుముఖం పట్టాయి. 2013-14 నాటికి ఉత్పత్తి 1.5 కోట్ల ఘనపు మీటర్ల లోపుకు పడిపోయింది. ఆ గ్యాసును నమ్ముకొని గోదావరి, కృష్ణా ప్రాంతాలలో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఏళ్ల తరబడి ఖాళీగా నిలిచాయి. అప్పులిచ్చిన బ్యాంకులకు అది పెద్ద తలనొప్పి అయింది.

2020 తరువాత కొత్త బావులు తెరిచి, 2023 నాటికి రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా తిరిగి తీయగలిగారు. అయినా మొత్తం దేశపు వాడకంలో దాదాపు సగం దిగుమతే. పైగా 2015 నుంచి యూరియా ఫ్యాక్టరీలకు గ్యాసు ధరను కలగలిపి ఏకరీతిగా నిర్ణయిస్తున్నారు. దేశీయ గ్యాసును, విదేశీ గ్యాసును ఒకే రాశిలో పోసి సగటు కట్టినట్లు. కనుక పైపులో పారేది గోదావరి గ్యాసైనా, ఖతార్ గ్యాసైనా ఫ్యాక్టరీ చెల్లించే సగటు ధరలో విదేశీ ధరదే పైచేయి.

కాంట్రాక్టు బేరం, స్పాట్ బేరం

గ్యాసును మైనస్ 160 డిగ్రీల దాకా చల్లబరచి ద్రవంగా మార్చి ఓడలలో తెస్తారు. కొనుగోలుకు దారులు రెండు. ఒకటి దీర్ఘకాల కాంట్రాక్టు, రెండవది అప్పటికప్పుడు ఓడ చొప్పున కొనే స్పాట్ బేరం. ధాన్యం వ్యాపారంలో మిల్లుతో ఏడాది ఒప్పందం చేసుకోవడం, యార్డులో రోజు పాటలో కొనడం వంటిదే ఈ తేడా.

1999లో పెట్రోనెట్ సంస్థ ఖతార్‌తో సాలుకు 75 లక్షల టన్నుల కాంట్రాక్టు కుదుర్చుకున్నది. 2004లో గుజరాత్‌లోని దహేజ్ రేవుకు సరకు రాసాగింది. 2015లో ముడిచమురు, స్పాట్ గ్యాసు ధరలు బాగా పడిపోయాయి. కాంట్రాక్టు ధర మాత్రం గడచిన 60 నెలల చమురు సగటుతో ముడిపడి ఉన్నందున 12 డాలర్ల స్థాయిలోనే నిలిచింది. భారత కొనుగోలుదార్లు ఒప్పందం కంటే తక్కువ సరకు ఎత్తారు. షరతు ప్రకారం జరిమానా సుమారు 12,000 కోట్ల రూపాయలు. ఆ ఏడాది డిసెంబరులో ఇరుపక్షాలు సర్దుబాటుకు వచ్చాయి. ఖతార్ జరిమానా మాఫీ చేసి, ధరను మూడు నెలల సగటుకు మార్చింది. ప్రతిగా భారత్ సాలుకు మరో 10 లక్షల టన్నులు కొనడానికి ఒప్పుకున్నది. ధర దాదాపు సగానికి దిగింది. 2024 ఫిబ్రవరిలో ఈ కాంట్రాక్టును 2028 నుంచి మరో 20 ఏళ్లకు పొడిగించారు.

పాత ఖాతాదారుతో కూర్చొని మాట్లాడుకుంటే బేరం సడలుతుందనడానికి ఇది సాక్ష్యం. రెండవ కథ వేరు. 2012లో గెయిల్ సంస్థ రష్యా గాజ్‌ప్రోమ్‌తో 20 ఏళ్ల ఒప్పందం చేసుకున్నది. 2018లో సరకు మొదలైంది. ఒప్పందం అమలు గాజ్‌ప్రోమ్ జర్మనీ శాఖ కింద ఉన్న సింగపూర్ సంస్థ చేతిలో ఉండేది. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చింది. జర్మనీ ప్రభుత్వం ఆ శాఖను తన అధీనంలోకి తీసుకున్నది. కొద్ది కాలానికే భారత్‌కు రావలసిన ఓడలు ఆగిపోయాయి. గెయిల్ తన కొనుగోలుదార్లకు కోత పెట్టవలసి వచ్చింది. వివాదం మధ్యవర్తుల దాకా పోయి, 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకు పరిష్కారమైంది. డబ్బు వచ్చింది గాని, అవసరమైన నెలలలో రాని గ్యాసు తిరిగి రాదు. కాగితం ఎంత గట్టిదైనా, సరకు ఎవరి దేశం మీదుగా, ఎవరి చేతుల మీదుగా వస్తున్నదనేది కూడా బేరంలో భాగమే.

యూరప్ నేర్చిన పాఠం

ఈ పాఠాన్ని యూరప్ ఇంకా ఎక్కువ ఖర్చుతో నేర్చుకున్నది. రష్యా, యుక్రెయిన్ల మధ్య ధర తగాదాలతో 2006లో ఒకసారి, 2009 జనవరిలో రెండు వారాల పాటు మరొకసారి యూరప్‌కు గ్యాసు అంతరాయం కలిగింది. హెచ్చరిక అందినా అలవాటు మారలేదు. 2021 నాటికి యూరోపియన్ యూనియన్ గ్యాసు దిగుమతులలో సుమారు 45 శాతం రష్యాదే. జర్మనీకి 2022 చివరి దాకా ఓడ గ్యాసు దించుకునే సొంత రేవే లేదు. చవకగా పైపులో వస్తుంటే రేవుకు పెట్టుబడి దండగ అనుకున్నారు.

యుద్ధం తరువాత పైపులు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. 2022 ఆగస్టులో యూరప్ ధర మెగావాట్ గంటకు 300 యూరోలు దాటింది. ఎంఎంబీటీయూ లెక్కన అది 85 డాలర్ల పైమాట. అదే ఏడాది మార్చిలో ఆసియా స్పాట్ ధర సైతం 80 డాలర్లు దాటింది. 2020 వేసవిలో ఇదే సరకు 2 డాలర్ల దరిదాపులలో దొరికింది. యూరప్‌లో అనేక అమ్మోనియా ఫ్యాక్టరీలు ఉత్పత్తి తగ్గించాయి. ఆసియాకు బయలుదేరవలసిన ఓడలు ఎక్కువ ధర పలికే యూరప్‌కు మళ్లాయి. 2022 జూలైలో పాకిస్థాన్ పది ఓడల గ్యాసుకు టెండరు పిలిస్తే ఒక్క అమ్మకందారు కూడా ముందుకు రాలేదు. ధర లేక కాదు, ఇచ్చేవాడు లేక.

తయారైన యూరియాను కొనడం కూడా తేలిక కాలేదు. 2020 మధ్యలో భారత్ టెండర్లలో టన్ను సుమారు 250 డాలర్లకు దొరికిన యూరియా 2021 చివరికి వెయ్యి డాలర్ల దరికి చేరింది. ఆ ఏడాది అక్టోబరులో చైనా ఎరువుల ఎగుమతులకు ఆంక్షలు పెట్టడం అందుకు ఒక కారణం.

ధర కదలదు, వరుస పెరుగుతుంది

ఇన్ని ఒడిదుడుకులు వచ్చినా అశ్వారావుపేటలో యూరియా ధర మారలేదు. 45 కిలోల బస్తా ధర 2018 నుంచి అదే. మామూలు సరకుకు కొరత వస్తే ధర పెరుగుతుంది; పెరిగిన ధర గిరాకీని తగ్గిస్తుంది, సరకును రప్పిస్తుంది. యూరియా విషయంలో ఈ సూత్రం పనిచేయదు. ధర కట్టివేసి ఉన్నందున కొరత ధరలో కనబడక వరుసలో కనబడుతుంది. 2025 ఖరీఫ్‌లో తెలంగాణ అంతటా సహకార సంఘాల ముందు తెల్లవారకముందే రైతులు బారులు తీరారు. పాసుపుస్తకాలు, చెప్పులు వరుసలో పెట్టి నిరీక్షించారు. రామగుండం ఫ్యాక్టరీ సాంకేతిక లోపాలతో కొన్నాళ్లు ఆగడం, దిగుమతి ఓడల రాక మందగించడం ఒకేసారి వచ్చిపడ్డాయి.

సరిహద్దు ఊరుగా అశ్వారావుపేటకు మరొక చిక్కున్నది. యూరియా కేటాయింపు రాష్ట్రాల వారీగా జరుగుతుంది. 2014లో పొరుగున ఉన్న కుకునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. బంధుత్వాలు, బేరాలు రెండు వైపులా ఉన్నా ఎరువుల కోటా మాత్రం గీత దగ్గర ఆగుతుంది. ఒక వైపు సరకుండి మరొక వైపు లేనపుడు బస్తాలు దొంగదారిన గీత దాటే ప్రలోభం పెరుగుతుంది. ఆధార్ మిషను మీద అమ్మిన సరకుకు లెక్క చెప్పవలసింది దుకాణదారే. పట్టుబడితే పోయేది లైసెన్సు.

డీలరుకు యూరియా మీద మిగిలేది స్వల్పం. అయినా యూరియా లేని దుకాణానికి రైతు రాడు. రైతు రాకపోతే పురుగు మందులు, విత్తనాలు, కాంప్లెక్సు ఎరువులు కదలవు, ఇచ్చిన అప్పులూ వసూలు కావు. గ్యాసు ఓడ ఆలస్యం ఈ ఊరి ఖాతా పుస్తకంలో ఈ రూపంలో నమోదవుతుంది.

త్రాసులో రెండవ తట్ట

ఎరువు ఖర్చు ఒక తట్ట అయితే గెలల రాబడి రెండవ తట్ట. అదీ విదేశీ బేరంతోనే ఊగుతున్నది. గెలల ధర నెలనెలా ముడి పామాయిల్ ధరను అనుసరించి నిర్ణయమవుతుంది. 2022 ఏప్రిల్ 28న ఇండొనేషియా పామాయిల్ ఎగుమతులు నిషేధించి మే 23న ఎత్తివేసింది. ఆ మే నెలలో ఇక్కడ గెలల ధర టన్నుకు 20 వేల రూపాయలు దాటింది. 2023లో 12, 13 వేల స్థాయికి దిగింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి నూనెల దిగుమతి సుంకం మొత్తం మీద 5.5 నుంచి 27.5 శాతానికి పెంచితే ధర కోలుకున్నది. 2025 మే చివర సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు.

రెండు తట్టలకూ ఒక తేడా ఉన్నది. గెలల ధర పడితే రైతుకు అదే నెలలో తెలుస్తుంది. గ్యాసు ధర పెరిగితే సబ్సిడీ చాటున కనబడదు. సరకు ఆగిన నాడే తెలుస్తుంది. కనబడే నష్టానికి రైతు, వర్తకుడు ముందే సర్దుకుంటారు. కనబడనిదే నిలువునా ముంచుతుంది.

వర్తకులు గమనించవలసినవి

ఒకటి, బస్తాకు ఒక ఎంఎంబీటీయూ అన్న లెక్క. స్పాట్ గ్యాసు 15 డాలర్లు దాటి నిలిచిన పక్షంలో సబ్సిడీ భారం పెరుగుతుంది. దిగుమతి టెండర్లు ఆలస్యం కావచ్చునని ఊహించి సీజనుకు ముందే ఇండెంట్లు పెట్టడం క్షేమం. రెండు, హార్ముజ్ జలసంధి. ఖతార్ గ్యాసు ఓడలన్నీ ఆ ఇరుకు దారినే రావాలి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ల ఘర్షణ పన్నెండు రోజులే సాగినా గ్యాసు, యూరియా మార్కెట్లు రెండూ ఉలిక్కిపడ్డాయి. మూడు, యూరియా దిగుమతి టెండరు తేదీలు. టెండరు ముగిసి ఓడ రేవు చేరి, రేకు ఖమ్మం వైపు దిగి, లారీ అశ్వారావుపేట చేరడానికి వారాలు పడుతుంది. జూలైలో తెరిచిన టెండరు సరకు ఆగస్టు మొదటి దఫా ఎరువుకు అందదు. నాలుగు, రామగుండంలో ఉత్పత్తి వార్తలు. అక్కడ పది రోజులు ఆగితే 38 వేల టన్నులు పోయినట్లే.

దీర్ఘకాలంలో మార్గాలు లేకపోలేదు. ఒమన్‌లోని సూర్‌లో భారత సహకార సంస్థల భాగస్వామ్యంతో 2005లో యూరియా ఫ్యాక్టరీ నెలకొన్నది. గ్యాసున్న చోటే ఎరువు తయారుచేసి పదిహేనేళ్లు ముందుగా కుదిరిన ధరకు తెచ్చుకున్న ఉదాహరణ అది. ఒడిశాలోని తాల్చేరులో బొగ్గును వాయువుగా మార్చి యూరియా తయారు చేసే ప్రయత్నం సాగుతున్నది. అది నిలకడగా నడిస్తే సింగరేణి బొగ్గుకు సైతం పాత తలుపు మళ్లీ తెరుచుకోవచ్చు. తోటల స్థాయిలో గెలలు తీసిన ఖాళీ గుత్తులను, నరికిన ఆకులను చెట్ల పాదులలోనే కుళ్లనిస్తే పొటాష్ కొంత, నత్రజని కొంత తిరిగి నేలకు చేరుతుంది. ఎకరానికి ఒక బస్తా యూరియా ఆదా అయితే ఒక ఎంఎంబీటీయూ గ్యాసు దిగుమతి తగ్గినట్లే.

అంతవరకు ఎరువుల వర్తకులు గోదాములోని నిలవలతో పాటు గ్యాసు ఓడల రాకపోకలను కూడా కనిపెట్టి ఉండడం అవసరం.